తొలి కుండల వరస

నాకు కుదురు లేదు. ఈ మాట మా ఆవిడ రోజుకి రెండుసార్లయినా అంటుంది. అనని రోజున ఆమెకి ఒంట్లో బాగాలేదని నేనే అర్థం చేసుకుంటాను. కూర్చుంటే కాలు ఆడిస్తాను. అన్నం తింటూ గడియారం చూస్తాను. దిగాల్సింది తిరువళ్ళూరులో అయినా రైలు అరక్కోణం వదలగానే లేచి తలుపు దగ్గరికి పోయి నిలబడతాను. పక్కన కూర్చున్నవాళ్ళు నా సీటు ఖాళీ అయిందని సంతోషిస్తారు గనక ఎవరికీ నష్టం లేదు.

కాపురం తిరుత్తణిలో, ఉద్యోగం తిరువళ్ళూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో. కార్ల విడిభాగాలు బెల్టు మీద వస్తుంటాయి. మంచిదాన్ని పోనిచ్చి చెడ్డదాన్ని పక్కన పెట్టడం నా పని. నేను చెయ్యి చాపకముందే మా ఇన్‌చార్జి నా మొహం చూసి రిజెక్టా అని అడుగుతాడు. నా మొహం అటువంటిది. లోపల ఉన్నదంతా పైకి తెచ్చి ఆరబోస్తుంది. పేకాటలో నాతో జత కట్టేవాడు లేడు. పెళ్ళిచూపులనాడు నా చేతిలో పెట్టిన కేసరి అడుగంటింది. నేను పల్లెత్తు మాట అనలేదు, మర్యాదగా మింగాను. ఎదురుగా కూర్చున్న పెళ్ళికూతురి తండ్రి నా వైపు ఒక్క చూపు చూసి, ఆ కేసరి తీసేసి ఇంకేమన్నా తెమ్మని లోపలికి కేకేశాడు. ఆయనే మా మామ.

మామ చెట్టెక్కే మనిషి. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయి ఎక్కడం లేదు గానీ, ఒకప్పుడు తాటిచెట్టు మీద ఉన్నంత హాయిగా నేల మీద ఉండేవాడు కాదని అందరూ చెబుతారు. మా వైపు, అంటే తమిళనాడులో, కల్లు గీయడం నేను బడికి పోయే రోజుల్లోనే ఆపేశారు. అప్పట్నుంచి ఇక్కడ చెట్టెక్కినవాడు పదనీరే దించాలి. చెట్టు అదే, కత్తి అదే, గెల నుంచి కారే నీరూ అదే. కుండ లోపల సున్నం పూసి కడితే ఆ నీరు పులవకుండా తియ్యగా ఉండిపోతుంది. అది పదనీరు, చంటిపిల్లలకి కూడా పట్టిస్తారు. సున్నం లేకుండా కడితే తెల్లారేసరికి నురగెత్తి కల్లవుతుంది. ఆ కల్లు కావాలంటే మావాళ్ళు పొన్పాడి చెక్‌పోస్టు దాటి ఆంధ్రలోని నగరి వైపు పోవాలి. అక్కడ మామ అక్క ఒక తాటితోపు గుత్తకి తీసుకుని కల్లంగడి నడుపుతోంది. ఆవిడని నేను పెద్దత్త అంటాను. డెబ్బై దాటినా ఆవిడ మాటకి తోపులో ఎదురు లేదు.

మాసి నెలలో, అంటే శివరాత్రి రోజుల్లో, కొత్త గీత మొదలయ్యేటప్పుడు ఆ తోపులో ఒక ఆనవాయితీ ఉంది. ఆ ఏడాది చెట్లెక్కబోయే ప్రతివాడూ తనకు నచ్చిన ఒక్క చెట్టు నుంచి రాత్రి కట్టిన కుండ దించుకొస్తాడు. కుండలన్నీ ఇసుకలో వరసగా పెడతారు. ఏది ఎవరిదో చెప్పరు, అడుగున బొగ్గుతో గీసిన గుర్తు మాత్రం ఉంటుంది. ఒక పెద్దమనిషి కూర్చుని ఒక్కొక్కటీ రుచి చూసి, చివరకి ఒకదాన్ని వేలి కణుపుతో తడతాడు. ఆ కుండ గంగమ్మది. ఆ అమ్మవారి రాయి ముందు కాస్త ఒలికించి, మిగతాది అందరూ తలా గుక్కెడు తాగుతారు. ఇంతవరకూ పండగే. అసలు సంగతి తర్వాత ఉంది. ఎవరి కుండ గంగమ్మకి పోయిందో వాడు ఆ ఏడాది తన చెట్లని ముందుగా ఏరుకుంటాడు. మంచి చెట్లు పడినవాడికి ఇల్లు గడుస్తుంది, గొడ్డుచెట్లు పడినవాడికి ఎక్కిదిగిన అలుపు మిగులుతుంది. అందుకని ఆ తట్టే వేలు మీద అందరికీ నమ్మకం ఉండాలి. ముప్పై ఏళ్ళుగా ఆ వేలు మా మామది.

నాకు పెళ్ళయిన కొత్తలో ఆయన రుచి చూడటం చూసి నోరెళ్ళబెట్టాను. కొబ్బరిచిప్పలో కాస్త పోయించుకుని, నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకునేవాడు. అంతమంది మధ్య ఆయన ఒక్కడే ఎక్కడికో వెళ్ళిపోయినట్టు ఉండేది. కళ్ళు తెరిచాక, ఈ చెట్టుకి పోయినేడు కత్తి లోతుగా పడిందనీ, ఈ కుండలో చీమలు దిగాయనీ, ఇది మధ్యాహ్నానికి పులిసిపోయే కల్లు కాబట్టి పొద్దున్నే అమ్మేయమనీ చెప్పేవాడు. కల్లు ఒకచోట ఆగి ఉండే పదార్థం కాదు. గంటకో తీరుగా మారుతుంది. మారబోయేదాన్ని కూడా ముందే చెప్పేవాడు. అప్పుడు నేను ఎగతాళిగా, చెట్టెక్కినవాడి ఇంటిపేరు కూడా చెబుతావా మామా అని అడిగేవాణ్ణి.

ఊరంతా మూతికి గుడ్డ కట్టుకు తిరిగిన రోజుల్లో ఆయనకి జ్వరం వచ్చి తగ్గింది. మనిషి లేచి తిరిగాడు, అందరం గట్టెక్కామనుకున్నాం. తర్వాత చాన్నాళ్ళకి ఒకరోజు మా ఆవిడ ఆయన ఇంటికి పోయేసరికి, పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కమురుకంపు. ఆయన పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఇంకో రోజు, పులిసి చెడిపోయిన మజ్జిగన్నం మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. నిలదీస్తే ఒప్పుకున్నాడు. వాసన లేదు, రుచి లేదు. ఉప్పూ పులుపూ కూడా నీళ్ళలాగే ఉన్నాయన్నాడు. ఆస్పత్రికి తీసుకుపోతే ఒక్కోసారి తిరిగి వస్తుంది, ఒక్కోసారి రాదు అన్నారు. మా ఆవిడ ఏడ్చింది. ఆయన ఏడవలేదు. మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్క మాట అడిగాడు.

"మా అక్కకి చెప్పమాకండి. చెట్టు పోయె, కత్తి పోయె. ఆ వరస ముందర కూచునేది ఒకటే నాకు మిగిలుండాది."

మేము చెప్పలేదు. అక్కడి నుంచి నా కష్టాలు మొదలయ్యాయి.

మాసి వచ్చిందంటే నాకు నిద్ర ఉండేది కాదు. నోట్లో రుచి లేని మనిషి వరస ముందు కూర్చుని ఇంకొకడి ఏడాది బతుకు తేల్చబోతున్నాడు, దాని సంగతి తెలిసి నేను మోటారుసైకిలు మీద ఆయన్ని తీసుకుపోతున్నాను. ఈ ఏడు మానుకో మామా, మోకాళ్ళ నొప్పి అని చెబుదాం అంటే, పోనీలే రాబోయే ఏడు చూద్దాం అనేవాడు. మొదటి ఏడు వణుకుతూ తీసుకుపోయాను. ఆయన తట్టిన కుండ తాగి అందరూ తలలూపారు. రెండో ఏడూ అంతే. ఎలా చేస్తున్నాడో నాకు అంతుపట్టలేదు. కుండ దగ్గర చెవి పెట్టి నురగ చప్పుడు వింటున్నాడేమో అనుకున్నాను. అడిగితే నవ్వి ఊరుకున్నాడు. రెండు సంగతులు మాత్రం గమనించాను. ఒకటి, ఇప్పుడు రుచి చూసేటప్పుడు కళ్ళు మూసుకోవడం మానేశాడు. రెండోది, ప్రతి కుండలోంచీ మొదటి గుక్క నాకే ఇప్పించేవాడు. ముందెప్పుడూ అలా లేదు. ఇదేంటని పెద్దత్త అడిగితే, అల్లుడికి మర్యాద చెయ్యొద్దా అన్నాడు. అల్లుడినయిన ఇన్నేళ్ళకి ఈ మర్యాద గుర్తొచ్చిందే అని నేను లోలోపల మురిశాను కూడా. తెలివితక్కువతనానికి ఒక హద్దుండాలి.

ఇప్పుడు చెప్పేది మూడో ఏడు సంగతి.

ఆ రోజు నాకు రెండో షిఫ్టు. పదకొండున్నర రైలు అందుకోవాలి. ఇన్‌చార్జి అప్పటికే ఆ నెలలో రెండుసార్లు ఆలస్యమయ్యావని ముఖం మీదే చెప్పాడు. చీకటి విడకముందే బండి తీశాను. మంచు దట్టంగా ఉంది. మామ వెనక కూర్చుని చలికి తువ్వాలు చెవులకి చుట్టుకున్నాడు. దారి పొడవునా నేను మాట్లాడుతూనే ఉన్నాను. అనుమానం వస్తే ఏం చేస్తావు, ఎవరైనా పట్టుకుంటే ఏం చెబుతావు, పెద్దత్త ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి అని. చెక్‌పోస్టు దగ్గర బండ్లు ఆగి ఉంటే ఆ రెండు నిమిషాలకే నాలుగుసార్లు హారన్ కొట్టాను. మామ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"సుమ్మనే ఉండు అల్లుడూ. నువ్వు పక్కన కూచుంటే చాలు నాకు."

ధైర్యానికి అంటున్నాడనుకున్నాను.

తోపులోకి వెళ్ళేసరికి వరస పెట్టేశారు. పదకొండు కుండలు. మంచులో తాటిమొద్దులు నల్లగా కనిపిస్తున్నాయి, వాటి తలలు కనపడటం లేదు. చెట్లెక్కేవాళ్ళు చుట్టూ గొంతుక్కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. అందరూ తెలిసినవాళ్ళే, ఒక్కాయన తప్ప. ఆయన ఆరణి నుంచి వచ్చాడు. పొడుగ్గా, మాట తక్కువగా ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆరణి ఏటి పక్క పదనీరు దించేవాడట. అక్కడ చెట్లు కొట్టేసి ప్లాట్లు వేశాక పని లేక, సరిహద్దు దాటి ఇటు వచ్చాడట. కూతురు నర్సింగు చదువుతోందని, ఈ ఏడు మంచి చెట్లు దొరికితే చాలని పెద్దత్తతో చెప్పుకున్నాడట. పెద్దత్త ఇదంతా నాకు చెబుతుంటే నేను సరే సరే అంటూ ఫోన్లో టైము చూసుకున్నాను.

మామ వరస ముందు గోనెపట్టా మీద కూర్చున్నాడు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టాడు. ముందటేళ్ళు పక్కన కూర్చునేవాణ్ణి. వెలుతురు తక్కువ ఉందని ఎదురుగా కూర్చోమన్నాడు. వెలుతురుకీ నాకూ ఏం సంబంధమో నేను ఆలోచించలేదు.

మొదటి కుండ. చిప్ప నాకిచ్చారు, తాగాను. పులుపు. నాకు కల్లు ఎప్పుడూ పెద్దగా సయించదు, పులుపు తగిలితే ఎడమకన్ను దానంతటదే మూసుకుంటుంది. మామ నా తర్వాత తాగాడు, తల పంకించి పక్కన పెట్టాడు. రెండోది ఫరవాలేదు. మూడోది చప్పగా ఉంది. నాలుగో కుండ దగ్గర నా కాలు ఆడటం మొదలైంది. ఐదో కుండకి లోపల లెక్క వేశాను, ఒక్కో కుండకి ఇంతసేపైతే రైలు అందుతుందా అని. ఆరో కుండ కల్లు బాగుంది. గొంతులోకి దిగాక కూడా కాస్త సేపు నిలిచింది. మామ ఆ కుండ మీద చెయ్యి ఉంచి కాసేపు ఆగాడు. ఇదే తడతాడనుకున్నాను. తట్టలేదు. ఏడోది సరిగ్గా గుర్తులేదు.

ఎనిమిదోది నోట్లో పెట్టుకున్నాను.

తియ్యగా ఉంది. మామూలు తీపి కాదు. చిన్నప్పుడు తిరువళ్ళూరు బైపాసు పక్కన మా నాన్న సైకిలు ఆపి, తాటాకు దొన్నెలో పోయించి ఇచ్చిన తీపి. దొన్నె అంచు నాలిక్కి గీసుకునేది, పచ్చి ఆకు వాసన వేసేది. రెండో దొన్నె అడిగితే కడుపు చల్లబడుతుందని ఇప్పించేవాడు కాదు. ఆ రుచి ఇన్నేళ్ళకి అనుకోకుండా నోట్లోకి వచ్చేసరికి నాకు రైలూ గుర్తులేదు, షిఫ్టూ గుర్తులేదు. కాలు ఆడటం ఆగిపోయింది. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. ఎలా ఉందో ఎదురుగా కూర్చున్న మనిషికి తెలుసు.

మామ నన్నే చూస్తున్నాడు. చిప్ప అందుకుని ఒక్క గుక్క తాగాడు. మిగతా మూడు కుండలూ నామమాత్రంగా చూశాడు. వెనక్కి వంగి ఎనిమిదో కుండని వేలి కణుపుతో తట్టాడు.

కుండ ఎత్తి గుర్తు చూశారు. ఆరణి ఆయనది. ఆయన లేచి నిలబడి, ఏం చేయాలో తెలియక తలపాగా విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. పెద్దత్త రాయి ముందు కాస్త ఒలికించి, ఇంకాస్త దొన్నెలో పోసుకుని తాగింది. తాగి, దొన్నెలోకి చూసింది. ఇంకో గుక్క తాగింది. నాకు నచ్చిన రుచి ఏమిటో అప్పుడు వెలిగింది నాకు.

"తమ్ముడా," అంది పెద్దత్త. "ఇది కల్లు కాదు. పదనీరు."

దొన్నె చేతులు మారింది. ఒక్కొక్కరూ నాలిక్కి తగిలించుకుని పక్కవాడికి ఇచ్చారు. ఆరణి ఆయన కుండ ఎత్తి లోపల వేలుపెట్టి రాచి చూసుకున్నాడు. వేలికి తెల్లగా అంటింది. ఆయన మొహం పాలిపోయింది. కొత్త కుండ ఇస్తామన్నా వద్దని, చేతికి అలవాటైన తన పాత కుండే ఆరణి నుంచి తెచ్చుకున్నాడు. రెండుసార్లు కడిగాడట. ఇరవై ఏళ్ళు సున్నం పూసిన కుండ, రెండు కడుగులకి పోతుందా? మట్టిలోకి ఇంకిపోయి ఉంది. మా వైపు కుండ అది. సరిహద్దు దాటాక కూడా మా వైపు పని అదే చేసుకుపోయింది. ఆయన మోసం చేయలేదని అందరికీ అర్థమైంది. పదనీరు దించేవాడి చేతికి తప్ప ఇంకెవరికీ రాని పొరపాటు.

కానీ ఆయన పొరపాటు ఆయనది. పదనీటినీ కల్లునీ నోట్లో పెట్టుకుని తేడా తెలుసుకోలేకపోవడం మాత్రం మామది. ఆ తేడా పాలు తాగే పిల్లకి కూడా తెలుస్తుంది. అందరి చూపులూ మామ మీదికి తిరిగాయి.

మామ నా మొహం వైపు చూశాడు. ఏదో వెతుక్కుంటున్నట్టు, తను ఎక్కడ తప్పాడో అక్కడ రాసి ఉంటుందన్నట్టు చూశాడు. అప్పుడు తెలిసింది నాకు. మూడేళ్ళ మర్యాద, మొదటి గుక్క, తెరిచి ఉంచిన కళ్ళు, ఎదురుగా కూర్చోబెట్టడం, పక్కన కూచుంటే చాలన్న మాట. ఆయన కుండల రుచి చూడలేదు. నన్ను చూశాడు.

నాకు ఒళ్ళు మండింది. దాచుకోవడం దేనికి, ఆ క్షణాన ఆయన మీద జాలి కలగలేదు. నన్ను అడగకుండా, నాకు చెప్పకుండా, నా మొహాన్ని మూడేళ్ళు చిప్పలాగా వాడుకున్నాడు. ఫ్యాక్టరీలో ఇన్‌చార్జి చేసేదీ అదే, కనీసం అతను నోరు తెరిచి అడుగుతాడు. లేచి బండెక్కి వెళ్ళిపోవాలనిపించింది. లేచాను కూడా.

నేను లేవడం చూసి మామ కూడా లేచాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కష్టంగా.

"అక్కా, నాకు నోరు పోయి మూడేండ్లయింది," అన్నాడు. "జరం వచ్చినప్పుడే పోయింది. ఈ మూడు మాసులూ నేను చూసింది కుండల్ని కాదు. మా అల్లుడి మొగాన్ని. ఆయప్పకి ఇది తెలవదు. తప్పు నాదే."

గొణుగుడు మొదలైంది. పోయినేడు చివరి చెట్లు పడిన ఒకతను, అయితే నా కుండ సంగతేమిటి అన్నాడు. గట్టిగా అనలేదు, నేలచూపులు చూస్తూ అన్నాడు. అది ఇంకా బాధగా ఉంది. ఇంకొకరు, మామ తట్టిన కుండలు రెండేళ్ళూ బాగానే ఉన్నాయి కదా అన్నారు. మామ నిలబడే ఉన్నాడు. ముప్పై ఏళ్ళు కూర్చున్న గోనెపట్టా ఆయన కాళ్ళ దగ్గర ఖాళీగా ఉంది.

పెద్దత్త తమ్ముడి వంక చూసింది. ఆవిడకి కోపం ఉంది, కళ్ళలో నీళ్ళూ ఉన్నాయి. ఆ రెండింటిలో ఏదీ ఆవిడ బయట పెట్టలేదు. చిప్ప తీసి నా చేతిలో పెట్టింది.

"మొగం చాలు నాయనా. ఈసారి నోటితో చెప్పు. మల్లా మొదటినించి చూడు."

నేను వద్దన్నాను. నాకు షిఫ్టు ఉందన్నాను, రైలు ఉందన్నాను, కల్లు గురించి నాకేం తెలుసన్నాను. అందరూ విన్నారు. ఎవరూ కదల్లేదు. వాళ్ళకి ఆ ఏడాది చెట్లు తేలాలి, దానికి ఒక నోరు కావాలి, ఆ నోరు మూడేళ్ళుగా నాదేనని ఇప్పుడే విన్నారు. ఆరణి ఆయన తన కుండ తీసి వరసలోంచి పక్కన పెట్టుకున్నాడు. నేను గోనెపట్టా మీద కూర్చున్నాను.

మామ నడుచుకుంటూ పోయి, నాలుగు చెట్ల అవతల, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. నా మొహం కనపడకుండా కూర్చున్నాడు.

పది కుండలూ మళ్ళీ చూశాను. ఈసారి కాలు ఆడించే ధైర్యం కూడా లేకపోయింది. ఒక్కోదాని గురించి నాకు తోచింది పైకి చెప్పాను. ఇది పుల్లగా ఉంది, ఇది చప్పగా ఉంది, దీనికి ఏదో కమురు తగిలింది. మామ చెప్పేంత గొప్పగా ఏమీ లేదు, బెల్టు మీద పీసులు చూసినట్టే చెప్పాను. చివరికి ఆరో కుండ తట్టాను. గుర్తు చూస్తే, పోయినేడు చివరి చెట్లు పడినతనిది. ఆ అదృష్టంలో నా గొప్పేమీ లేదు, అయినా ఎంత తేలికపడ్డానో చెప్పలేను. పెద్దత్త తాగి తల ఊపింది. అందరూ తాగారు. ఆరణి ఆయనకి చివరి వరస చెట్లు మిగిలాయి. ఆయన కుండ బోర్లించి, మిగిలిన ఆ తియ్యటి నీరు ఇసుకలో పోసేశాడు.

వెళ్ళబోతూ మామ ఆయన దగ్గర ఆగాడు.

"చెట్టు మంచిదే. కుండ మార్చు," అన్నాడు. ఆరణి ఆయన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

చెట్ల పంపకం తేలేసరికి మధ్యాహ్నం దాటి, పదకొండున్నర రైలు ఎప్పుడో పోయింది. వచ్చేటప్పుడు దారి పొడవునా నేను మాట్లాడలేదు. మంచు విడిపోయి ఎండ ఎక్కింది. చెక్‌పోస్టు దాటాక ఒక టీ కొట్టు దగ్గర ఆపాను. బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. టీలో అల్లం బాగా వేశారు, నా నాలిక చురుక్కుమంది. ఆయన వేడి నీళ్ళు తాగినట్టు తాగుతున్నాడు. ఫోను జేబులో కొట్టుకుంటోంది, ఇన్‌చార్జి. నేను తీయలేదు. మామని తిట్టాలని దారంతా మాటలు పోగుచేసుకున్నాను. ఆయనే ముందు మాట్లాడాడు.

"మోసం చేసినానని కోపమా?"

అవునన్నాను.

"రెండేండ్లు చేసింది మోసమే," అన్నాడు. "ఈ పొద్దు చేసింది కాదు. ఆ కుండ నీ నోట్లో పడతానే నీ మొగం చూసినా. నా నోట్లో నీళ్ళూరినాయి అల్లుడూ. మూడేండ్లలో ఊరలేదు. చిప్ప ఎత్తితే తియ్యగా తగిలినట్టే ఉండింది. నాకు వచ్చేసిందనుకుని తట్టినా."

నేను గ్లాసు బల్ల మీద పెట్టాను. పోగుచేసుకున్న మాటల్లో ఒక్కటీ మిగల్లేదు. ఆరో కుండ మీద ఆయన చెయ్యి ఆగిన సంగతి గుర్తొచ్చింది. నా మొహం చూసి మంచి కల్లు అది అని తెలుసుకున్నాడు, అయినా వదిలేశాడు. తనకి నిజంగా తగిలిందనుకున్న ఒక్కదాన్ని తట్టాడు. మూడేళ్ళలో ఆయన నిజాయితీగా చేసిన తీర్పు అదొక్కటే, దానికే దొరికిపోయాడు.

ఫోను మళ్ళీ మోగింది. తీసి ఆపేశాను.

"ఎట్టుండింది ఆ కుండ?" అని అడిగాడు. "ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పడం నాకు చేతకాదు. మొహానికి అలవాటైన పని నోటికి కొత్త. ముందు నాలిక చివర సున్నం కాస్త చురుక్కుమంటుంది మామా అన్నాను. తర్వాత చల్లగా లోపలికి జారుతుంది, బుగ్గల పక్కన తీపి నిలుస్తుంది, మింగాక పచ్చి తాటాకు వాసన మిగులుతుంది అన్నాను. రెండో దొన్నె ఇప్పించని మా నాన్న సంగతి కూడా చెప్పాను. మధ్యలో ఆపి ఆయన వైపు చూశాను.

మామ నా మొహం చూడటం లేదు. టీ గ్లాసు రెండు చేతుల మధ్యా పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఆపమాక," అన్నాడు.

నేను సున్నం దగ్గర్నుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాను.